ఇరవై రెండు టోపీలు

ఎదురడిగితే పొగరనీ, ఊరుకుంటే అలిగాననీ అనుకుంటుంది మా అమ్మ. ఓడరేవు నగరాన్ని ఒక్కరోజులో చూపించే టూరు బస్సులోనూ అదే గోల: "ఆ సంబంధానికి ఏమంటావే?"

రేవు దగ్గర బస్సు ఆగితే, టూరువాళ్లు అందరికీ ఇచ్చిన నారింజ టోపీని సీట్లోనే వదిలేసి దిగాను. క్రేన్లు చూస్తూ నిలబడిపోయి ఆలస్యంగా వచ్చాను. గైడు బస్సు తలుపు దగ్గరే ఆపేశాడు.

"మా నారింజ టోపీలు ఇరవై రెండూ లెక్క సరిపోయాయి. మీరు ఎక్కువయ్యారమ్మా."

కిటికీలోంచి చూశాను. నా సీట్లో నారింజ టోపీతో ఎవరో అమ్మాయి, అమ్మ చెప్పే ప్రతిదానికీ తలూపుతోంది.

"అమ్మా, నీ కూతుర్ని నేను."

"తెలుసులేవే," అంది అమ్మ. "ఈ పిల్ల సంబంధానికి సరేనంది. గొడవ చెయ్యకు."

"మీరు వెళ్లండక్కా, అమ్మని నేను చూసుకుంటా," అంది ఆ పిల్ల.

పెళ్లికి పిలవమని చెప్పి మళ్లీ రేవు వైపు నడిచాను. ఇక ఇంటికి వెళ్లను.