జిగురయ్య పంపకం

గేదె గిట్ట దిగిన నీటిగుంటలో జిగురయ్య అనే అమీబా ఉండేవాడు. "ఒంటికే ఒక రూపు లేదు, ఇక మాటకి నిలకడెక్కడిది?" అని తన మీద తనే నవ్వుకునేవాడు. తిని తిని ఒళ్ళు పెరిగి, ఒకరోజు రెండుగా చీలిపోదామనుకున్నాడు.

ఎలా బతకాలో తెలిసినవి అతని ఒంట్లోని క్రోమోజోములే. చూడ్డానికి దారప్పోగుల్లా ఉంటాయి.

"పెద్దమ్మా, పదండి! మీలో సగం ఇటు, సగం అటు," అన్నాడు.

"ఆగరా తొందరోడా," అంది పెద్ద పోగు. "తినడం తెలిసింది నాకు. అరిగించుకోవడం తెలిసింది మా చెల్లెలికి. మమ్మల్ని పంచేస్తే ఒకడు అరక్క పోతాడు, ఇంకొకడు తినడం రాక పోతాడు."

జిగురయ్యకి గుండె జారింది, లేకపోయినా సరే. "మరెలా?"

"ముందు మాలో ప్రతి ఒక్కరం అచ్చం మాలాంటి జతని తయారు చేసుకుంటాం. అందాకా కదలకు."

కదలకుండా ఉండటం జిగురయ్యకి ప్రాణం మీదికొచ్చింది. అయినా ఉన్నాడు. పోగులన్నీ జంటలై నడుమ బారు తీరాయి. ప్రతి జంటలోంచి ఒకటి ఇటు, ఒకటి అటు జరిగాయి. అప్పుడు జిగురయ్య నడుం సన్నబడి తెగింది.

ఇద్దరు జిగురయ్యలు ఒకరినొకరు తడుముకున్నారు.

"ఇందులో నేనెవర్ని?"

"ఆకలేస్తోందా?"

"చచ్చేంత!"

"నాకూను. పద."

ఇద్దరూ చెరో నాచు తునకని చుట్టేశారు. కాసేపటికి అది అరిగి, ఇద్దరికీ మళ్ళీ ఆకలేసింది.