వేలంలో అమ్మాయి పేరు

అమ్మాయి తన పేరుతోనే పెట్టుకున్న వెబ్‌సైటుకు గడువు తీరింది. రెన్యువల్ చేయించమని కంపెనీ పంపిన మెయిళ్లన్నీ ఆమెకే వెళ్లాయి, ఎవరూ తెరవలేదు. కంపెనీ ఆ పేరును ఆన్‌లైన్ వేలానికి పెట్టేసింది.

హాల్లో కూర్చుని తండ్రి ఫోన్లో వేలం పాడుతున్నాడు. ఆయన పాట పెంచిన ప్రతిసారీ, ఊరూ పేరూ కనపడని మనిషెవరో ఇంకాస్త పెంచుతున్నారు.

"ఎవడ్రా వీడు, జలగలా పట్టుకున్నాడు!" అని పళ్లు నూరాడు.

వంటింట్లోంచి భార్య ఏడుస్తూ వచ్చింది. ఆమె చేతిలోనూ ఫోనుంది.

"ఏమండీ, మీరు తట్టుకోలేరని చెప్పలేదు. చిట్టితల్లి సైటు వేలానికొచ్చింది. ఎవడో పాపిష్టివాడు నాకు పోటీగా పాడుతున్నాడు, ఎంతకీ వదలట్లేదండీ!"

ఆయన తన ఫోను ఆమెకు చూపించాడు.

శ్మశానం నుంచి తిరిగొచ్చాక ఆ ఇద్దరి మధ్యా అమ్మాయి మాట రావడం అదే మొదటిసారి.