తీరుబడి తాత

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి.

అయినా ఏటి ఒడ్డున నూలుమిల్లు నీటిచక్రం ఈసురోమంటూ తిరుగుతూనే ఉంది. అది రెండు రోజులు ఆగితే మిల్లు మూసేస్తానని యజమాని తేల్చి చెప్పేశాడు. నలభై కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. మిల్లు మేస్త్రీకే కాదు, అతని భార్యకి, కూతురికి కూడా అక్కడే పని. అందుకే పొద్దున లేస్తూనే మేస్త్రీ ముందు చక్రం మొహం చూసేవాడు, తర్వాతే భార్య మొహం.

ఓ మధ్యాహ్నం బక్కచిక్కిన ముసలాయన వచ్చి ఏదైనా పని ఇప్పించమని మేస్త్రీని అడిగాడు.

"ఇన్నాళ్లూ ఏం చేసేవాడివి తాతా?"

"ఎగువన పిండిమర ఉంది బాబూ. అదీ ఏటి నీళ్లతో తిరిగేదే. ఈ వేసవిలో తిప్పట్లేదు."

"ఏం?"

"నీళ్లు చాలవు."

"మరి మా చక్రం గాలికి తిరుగుతోందా?"

చుట్టూ ఉన్న పనివాళ్లంతా పగలబడి నవ్వారు. ముసలాయన తల దించుకున్నాడు. సొంత మర ఉండీ ఒళ్లు వంచనివాడు ఇక్కడేం పొడుస్తాడని మేస్త్రీ గేటు చూపించాడు. తీరుబడి తాత అని పేరు కూడా పెట్టాడు. ముసలాయన మరో రెండుసార్లు వచ్చాడు. ఆ పేరుతోనే పిలిచి పంపేశారు.

తర్వాత రాలేదు.

పది రోజులకి చక్రం ఆగింది.

మేస్త్రీ నీళ్లెక్కడ ఆగాయో చూద్దామని బయల్దేరాడు. ఏటి వెంబడే ఎగువకి నడిచాడు. రెండు మైళ్లు పోయాక అడ్డుకట్ట కనిపించింది. తూము తలుపు దించేసి ఉంది. వెనక నీళ్లు నిలిచాయి. పక్కనే పిండిమర, ముందు కూర్చుని మర రాళ్లకి గాట్లు పెడుతూ ఎవరో కొత్త మనిషి. మర కిందటి వారమే కొన్నానన్నాడు.

"తలుపెత్తండి బాబూ. కింద మా మిల్లు ఆగిపోయింది."

"రెండు రోజులు నీళ్లు కట్టిపెడితేగానీ నా మర ఒక్క పూట తిరగదు. నాకూ పిల్లలున్నారు కదా."

 తూము ఆయనది, హక్కూ ఆయనదే.

"మరి ఇన్నాళ్లూ మాకు నీళ్లెలా వచ్చాయి?"

"పాతాయన వేసవంతా తలుపెత్తే ఉంచాడు. దించితే కింద నలభై కుటుంబాల నోట్లో మట్టి కొట్టినట్టేనని. ఆఖరికి తనకే తిండి గడవక నాకు అమ్మేసి ఎటో పోయాడు."

మేస్త్రీ కట్ట మీదే కూర్చున్నాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏమని అడగాలో తెలియలేదు.

"మాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

"నేనూ అదే అన్నాను. తెలిస్తే వాళ్లకి ముద్ద గొంతు దిగదన్నాడు."