నోటెడు ఇసుక

అనగనగా ఒక ఇంట్లో ఉప్పునీళ్ల గాజుతొట్టి. అందులో కెంపన్న అనే రాస్ జాతి సముద్రపు చేప. ఇసుకలో దూరితేగాని దానికి నిద్ర పట్టదు. ఒక పొద్దున పసిడి అనే చిన్న రాస్ చేప కొత్తగా వచ్చింది.

“ఇసుకంతా నాదే! ఎక్కడ దూరతావో చూస్తా!” అంటూ కెంపన్న తరిమితే, పసిడి భయంతో ఎగిరి తొట్టి బయట పడబోయింది. అది చూసి ఇంటావిడ కెంపన్ననే పట్టి, చిల్లుల పెట్టెలో పెట్టి, తొట్టిలోనే వేలాడదీసింది.

పెట్టెలో ఇసుక లేదు. పొద్దుగూకేసరికి కెంపన్న దూరే చోటు కోసం పెట్టె అడుగంతా ముక్కుతో పొడిచింది. ఇంతలో పసిడి నోటినిండా ఇసుక తెచ్చి చిల్లులోంచి ఊదింది.

“వెక్కిరించడానికొచ్చావా?”

“లేదన్నా. దూరే చోటు లేకపోతే ఎంత భయమో పొద్దున నువ్వేగా నేర్పావు!”

అలా మూడు రోజులు మోసింది. ఇంటావిడ పెట్టె తెరవగానే కెంపన్న పసిడి దగ్గరికొచ్చింది.

“నాకు నిద్ర మోసుకొచ్చావు, తల్లీ. ఇవాళ నువ్వు పడుకో, నేను కాపలా ఉంటా.”