అల్లం బీరు

గోడ అవతల ఢామ్మని ఏదో పేలింది.

రామక్క చేతిలోని చాట కింద పెట్టి కిరాయి గది వైపు పరుగెత్తింది.

గదిలో హరిలాల్ నిలువెల్లా తడిసి నిలబడి ఉన్నాడు. గోడ నిండా అల్లం పిప్పి. నేల మీద గాజు పెంకులు.

"ఏంది, ఏం పేలింది?"

"సీస అక్కా. బిరడా గట్టిగ బిగించిన. లోపల పొంగి పగిలింది."

"ఏముంది దాంట్ల?"

"అల్లం, నిమ్మకాయ, చక్కెర. ఊరబెడితే బుస్సుమని పొంగుతది. జింజర్ బీర్ అంటరు."

బీర్ అన్న మాట ఒక్కటే రామక్క చెవిలో పడింది.

ఇల్లందు బొగ్గుబాయి క్యాంటీన్‌లో వంట పనికని వానలు మొదలైనప్పుడు వచ్చి, రామక్క ఇంటి గదిలో కిరాయికి దిగాడు హరిలాల్. అంతకుముందు హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో మందు కలిపేవాడట. వెంట ఒక ట్రంకు పెట్టె, ఒక చాప. మనిషంటూ ఎవరూ లేరు. భద్రాచలం దారిలో తండా అన్నాడు గాని, పేరు చెప్పలేదు.

రామక్క మొగుడు సీతయ్య బాయిలో పని చేస్తాడు. ఇంతకాలం డ్యూటీ దిగితే గుడుంబా అమ్మే ఇంటికి పోయేవాడు. ఇప్పుడు నేరుగా హరిలాల్ గదికి పోతున్నాడు.

రామక్క ఒకసారి కిటికీలోంచి చూసింది.

హరిలాల్ పొడుగాటి గ్లాసులో నిమ్మకాయ పిండాడు. ఐసు ముక్కలు వేశాడు. ఇంగ్లీషు అక్షరాల నాలుగు పలకల సీసాలోంచి ఎర్రటిదేదో కొంచెం వంచాడు. పైనుంచి అల్లం నీళ్లు పోస్తే గ్లాసంతా నురగ.

సీతయ్య దాన్ని రెండు చేతులా పట్టుకొని మెల్లగా తాగుతున్నాడు.

"గదేంది పోస్తున్నవ్?" అని బయటినుంచే అడిగింది.

హరిలాల్ సీతయ్య వైపు చూశాడు. సీతయ్య తల దించుకున్నాడు.

"హోటల్ల దీన్ని బర్బన్‌తోని కలిపేటోళ్లం అక్కా. అమెరికా మందు."

ఆ రోజుల్లో సీతయ్య ఇంటికి తూలకుండా వచ్చేవాడు. ఖరీదు మందు మనిషిని తూలనివ్వదేమో అనుకుంది రామక్క. పక్క మీద చెమటలు పట్టి దొర్లేవాడు. పరాయి దేశపు మందు లోపల కాలుస్తున్నదనుకుంది.

వాటన్నిటి కంటే ఆమెకు కష్టంగా ఉన్నవి గోడ అవతలి నవ్వులు. పిల్లలు లేని ఇల్లు. పెళ్లయిన ఇన్నేళ్లలో సీతయ్య తనతో అంతసేపు కూర్చొని మాట్లాడింది లేదు. పొయ్యి ముందు ఒక్కతే కూర్చొని, ఏం మాట్లాడుకుంటున్నారో వినపడక, ఆ నవ్వులు లెక్కబెట్టినట్టు వింటూ ఉండేది.

ఒకనాటి మధ్యాహ్నం, సీతయ్య డ్యూటీలో ఉండగా, హరిలాల్ గ్లాసు పట్టుకొని ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, నువ్వు గూడ రుచి సూడు."

రామక్కకు ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదు? నా మొగుణ్ని ముంచింది చాలక, నాకు గూడ పోస్తవా?"

"ఒక్క గుక్క తాగక్కా. తాగినంక తిట్టు."

ఆమె గ్లాసు లాక్కొని వాకిట్లోకి విసిరింది. ఐసు ముక్కలు బురదలో చెల్లాచెదరయ్యాయి.

"పొద్దుగూకక ముందే గది ఖాళీ చెయ్యి. ఈ ఊర్లనే ఉండొద్దు నువ్వు."

హరిలాల్ ఏదో చెప్పబోయాడు. రామక్క విననన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"సీతన్నకు చెప్పి పోత."

"ఏం చెప్పక్కర్లేదు. నడువ్."

ట్రంకు పెట్టె భుజానికెత్తుకొని, గేటు దగ్గర ఆగాడు.

"సాయంత్రం పూట అన్నను ఒక్కన్ని ఉంచకు అక్కా."

నాకు బుద్ధులు చెప్తున్నావా అన్నట్టు తలుపు వేసుకుంది రామక్క.

డ్యూటీ దిగిన సీతయ్య ఎప్పటిలాగే గదికి పోయాడు. వెంటనే ఇంట్లోకి వచ్చాడు.

"హరిలాల్ ఏడి?"

"ఊరిడిసి పొమ్మని ఎల్లగొట్టిన."

తిడతాడనుకుంది. కొడతాడేమో అని కూడా అనుకుంది. సీతయ్య గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏ ఊరు పోయిండు?"

"నాకేం ఎరుక?"

లేచి చెప్పులు వేసుకొని బయటికి పోయాడు. బస్టాండులో వెతకడానికి పోయాడనుకుంది.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. గడప తట్టుకొని బోర్లా పడ్డాడు. గుప్పుమని గుడుంబా వాసన.

"మళ్ల తాగినవా?" అంది రామక్క.

'మళ్ల' అన్న మాట తన నోట వచ్చాకే ఆమెకు వినపడింది.

ఈ వాసన ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్లయింది?

సీతయ్య నేల మీదే పడి ఏడుస్తున్నాడు.

"ఆ సీసల ఉన్నది టీ డికాషనే. చేతికి గ్లాసు కావాలె, గొంతుల మంట కావాలె, గంతే గద అన్నా, మందెందుకు అన్నడు హరిలాల్. గట్ల మాన్పించిండు నాతోని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"రెండుసార్లు నీ మీద ఒట్టేసి తప్పిన. ఈసారి నిలబడ్డంక చెప్దామని నేనే ఒద్దన్న. ఇగ నిలబడ్డవ్ అన్నా, అక్కకు నేనే రుచి చూపిచ్చి చెప్త అన్నడు ఇయ్యాల పొద్దుగాల."

రామక్క గోడకు చేరగిలబడింది.

"ఆయన పెళ్లాం పిల్లలు గీ తాగుడుకే ఆయన్ని ఇడిసిపోయిండ్రు. నీకు అక్క ఉన్నది అన్నా, పోగొట్టుకోకు అని దినాం చెప్పెటోడు."

మనిషంటూ ఎవరూ లేని ఆ కిరాయిదారు ఇన్నాళ్లూ గోడ అవతల కూర్చొని, ఆమె మొగుణ్ని ప్రతి సాయంత్రం కాచి, ఆమెకే తిరిగి పంపిస్తూ వచ్చాడు.