అరువు ప్లేయర్

"నారింజలు తొక్కతో ఎవరైనా పెడతారేటే? తినేవోళ్ళు ఏటనుకుంటారు?"

"తొక్కతోనే నాలుగు ముక్కలు కొయ్యాలమ్మా. మా చేతులకి మట్టుంటాది. తొనలు ఒలిస్తే నోట్లోకెళ్ళేది మట్టే."

"అయితే చేతులు కడుక్కోండి."

"ఆట మధ్యలో టైమెక్కడ లాహ్?" మలేషియాలో అందరికీ ఉన్నట్టే మాట చివర "లాహ్" కూతురికీ అలవాటు.

గుణవతి సగం ఒలిచింది. కూతురు సుమిత సగం కోసింది. రెండు డబ్బాలూ కారెక్కాయి.

క్లాంగ్ ఊరి అమ్మాయిల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ టీమ్‌కి సుమిత కెప్టెన్. కొన్ని ఊళ్ళ టీమ్‌లు కలిసి చిన్న లీగ్ నడుపుకుంటున్నాయి.

బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. మైదానం చివర నాలుగు స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే ఆరు పాయింట్లు. పక్కకి పోయినా, స్తంభానికి తగిలినా ఒకటి.

"తప్పు రాసినా మార్కిచ్చే పరీక్ష ఇదొక్కటే" అంటాడు సుమిత తండ్రి రాజన్.

క్లాంగ్‌కి కప్పు మాత్రం ఎన్నడూ రాలేదు. నిరుడు ఓడిపోయి కాదు, సగం ఆటలే జరగక. దూరపు టీమ్‌లు వ్యాన్‌లో ఒకరు తక్కువగా దిగేవి. మ్యాచ్ రద్దు. ఎవరికీ పాయింట్లు లేవు.

అందుకని ఈ సీజన్‌లో కొత్త పద్ధతి పెట్టారు. వచ్చిన టీమ్‌కి మనిషి తక్కువైతే, ఆట జరిగే ఊరి టీమ్ ఒకరిని అరువివ్వాలి.

ఈసారి కప్పు తెచ్చి తీరాలని సుమిత పంతం. క్లాంగ్‌కున్నదీ లెక్కకి సరిపడా మనుషులే; అందులోంచి మంచి ప్లేయర్‌ని అరువిస్తే కప్పెలా వస్తుంది?

మొదటి ఆదివారం మైదానం అంచున ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. మోకాలికి పట్టీ, తల మీద వెడల్పాటి టోపీ.

"నా పేరు థెరిసా. నన్నూ ఆడనిస్తావేటమ్మా?"

సుమిత ఆ మోకాలి వైపు చూసింది.

అంతలో ఈపో టీమ్ వ్యాన్ వచ్చింది. ఒకరు తక్కువ.

సుమిత ముఖం వెలిగింది.

"ఆంటీ, వాళ్ళకి ఆడతారా?"

"ఆడతాను లాహ్. ఆటే కదా!"

క్లాంగ్ గెలిచింది.

తరువాత మలక్కా వాళ్ళొచ్చారు. ఒకరు తక్కువ. మళ్ళీ థెరిసానే ఇచ్చారు. క్లాంగ్ మళ్ళీ గెలిచింది. సీజన్ పొడుగునా ఇదే వరస.

"మన కెప్టెన్ బుర్రే బుర్ర" అంది టీమ్‌లోని కోగిల. "పనికిరాని సామానంతా పక్కింటికి అరువిస్తాది."

సుమిత కూడా నవ్వింది.

ఫైనల్ క్లాంగ్‌లోనే, జార్జ్ టౌన్‌తో. వాళ్ళకీ ఒకరు తక్కువే.

సుమిత థెరిసా చెవిలో చెప్పింది. "ఆంటీ, ఈరోజు కొంచెం సూసుకోండి. ఫైనల్ కదా."

"ఫైనల్ కాబట్టే గట్టిగా ఆడతానమ్మా."

ఆడింది. పెద్దగా పరుగెత్తలేదు. బంతి ఎక్కడ పడుతుందో అక్కడ ముందే నిలబడింది.

ఆట ముగుస్తుందనగా క్లాంగ్ అయిదు పాయింట్లు ముందుంది. బంతి గాల్లో తేలుతూ వచ్చి థెరిసా చేతుల్లో వాలింది. ఎదురుగా స్తంభాలు. మధ్యలోంచి పోతే కప్పు జార్జ్ టౌన్‌ది.

సుమిత కళ్ళు మూసుకుంది.

థెరిసా తన్నింది.

ఠంగుమని చప్పుడు. స్తంభానికి తగిలింది. ఒక్క పాయింటే!

క్లాంగ్ అమ్మాయిలు కేకలేస్తూ పరుగున వచ్చి థెరిసాని చుట్టేశారు.

"మా కోసమే స్తంభానికి కొట్టినారు కదా, ఆంటీ!"

థెరిసా ముఖం ఎర్రబడింది. "ఛీ! ఏం మాటది? గెలవాలనే తన్నినాను. మోసం సేస్తే ఈ పిల్లల మొహం ఎలా సూస్తాను?"

ఏడుస్తున్న జార్జ్ టౌన్ అమ్మాయిల మధ్యకి వెళ్ళి కూర్చుంది. కాసేపట్లో అక్కడా నవ్వులు వినిపించాయి.

సాయంత్రం భోజనాల బల్ల మీద చేపల పులుసు పక్కన కప్పు మెరుస్తోంది.

"ఇందులో రసం పొయ్యనా? గిన్నెలు సాల్లేదు" అంది గుణవతి.

"అమ్మా!"

గుణవతి ఫోన్‌లో కప్పుతో దిగిన టీమ్ ఫోటో చూస్తోంది. "థెరిసా లేదేటే ఇందులో?"

"జార్జ్ టౌన్ ఫోటోలో ఉంటారు. వాళ్ళకి కదా ఆడినారు."

"మరి మనకెప్పుడు ఆడినాది?"

సుమిత చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎప్పుడూ లేదమ్మా."

"ఆవిడ రాకపోతే?"

"మాలో ఒకరినిస్తే మాకే తక్కువ. మ్యాచులే లేవు." కప్పుని పక్కకి జరిపింది. "కప్పూ లేదు."



"వచ్చే సీజన్ ఆంటీ మా టీమే" అంది సుమిత. "ఎవరికీ ఇవ్వను."

థెరిసాని బస్సెక్కించి వచ్చిన రాజన్ తల అడ్డంగా ఊపాడు. "నేనూ అడిగినాను. రానన్నాది."

"జార్జ్ టౌన్‌కి మాటిచ్చేసినారా?"

"వాళ్ళకీ లేదనే సెప్పినాదట. నిరుడు ఈ దారిన పోతా, ఆడకుండానే వ్యాన్ ఎక్కుతున్న పిల్లల్ని సూసినాదట. అందుకే ఈ సీజనంతా ఎక్కడో దూరాన హుటాన్ మెలింటాంగ్ ఊళ్ళో తెల్లారే బస్సెక్కి వస్తన్నాది. మీలో సేరడానికి కాదే! ఎవరికి మనిషి తక్కువైతే వాళ్ళ మనిషట ఆవిడ."

సుమిత తల వంచుకుంది. తల ఎత్తేసరికి ముఖమంతా నవ్వు.

"అయితే వచ్చే సీజన్ మొదటి మ్యాచ్‌కి క్లాంగ్‌కే ఒకరు తక్కువ నాన్నా. నేను ఆడను."