మొదటి బజ్జీ

పెద్ద వయసులో అక్షరాలు దిద్దినదాన్ని. కూడబలుక్కుంటూ నెమ్మదిగా రాశాను, తప్పులుంటే మన్నించండి.

సూర్యాపేటలో మ్యాచ్ ఓడిపోయి కోదాడకు తిరిగి వెళ్తున్న కాలేజీ బాస్కెట్‌బాల్ అమ్మాయిలు మునగాల దాబా దగ్గర ఆగారు. చివరి ఫ్రీ త్రో తప్పిన వర్ష ఇంకా ముక్కు తుడుచుకుంటూనే ఉంది.

"కొత్త మేడం దాన్ని ఒక్క మాటన్నా, రేపటి సంది ప్రాక్టీసుకు ఎవ్వరం పోవద్దు," అని కెప్టెన్ నవనీత గుసగుసలాడింది. టీమును పెంచి పెద్దచేసిన రూతమ్మ మేడం రిటైరయ్యాక, ఆ స్థానంలో ఇంకొకరిని చూడటమే నవనీతకు కష్టంగా ఉంది.

మిర్చి బజ్జీల పళ్లెం వచ్చింది. కొత్త కోచ్ కళ్యాణి మొదటి బజ్జీ తీసి వర్ష చేతిలో పెట్టింది.

"ఏడ్సుడు తర్వాత గానీ, ముందుగాల నువ్వు తిను. గప్పటిదాంక ఎవ్వరూ ముట్టద్దు."

అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాల్ తప్పినవాళ్లే ముందు తినాలన్నది రూతమ్మ మేడం పెట్టిన పద్ధతి.

"గిది మీకెవరు చెప్పిండ్రు మేడం?" అంది నవనీత.

"ఒకలు చెప్పుడేంది? నేను రూతమ్మ మేడం దగ్గర ఆడినన్ని రోజులు మొదటి బజ్జీ నాదే."

వర్ష నోట్లో బజ్జీతోనే ఫక్కున నవ్వింది. నవనీత పళ్లేన్ని కోచ్ ముందుకు జరిపింది.

"రేపు ప్రాక్టీసుకు ఎన్నింటికి రావాలె మేడం?"

భాగ్యవతి, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది మిర్యాలగూడలో.